ముద్ర పడని వేలు

కాశీనగర్ గ్రూపులో నూట నలభై మందిమి.
జీడిపిక్కల షెడ్డు గేటు ముందు ఆ సోమవారం
తొమ్మిదిమందిమి.
రాత్రి ఎత్తిన బొటనవేళ్ల బొమ్మలు మాత్రం
ఇంకా ఫోన్ నిండా నిలబడే ఉన్నాయి.
గుమస్తా మమ్మల్ని లెక్కపెట్టుకున్నాడు.
చేతివేళ్లే చాలాయి,
ఒకటి మిగిలింది కూడా.

తవిటమ్మ అంది:
"నా బొటనేలికి ముద్దరే లేదు కదే,
జీడినూనె తినీసింది.
రేషను మిషనూ ఎరగదు, నీ ఫోనూ ఎరగదు.
ఇంటికొచ్చి అడిగితే కదా
నానున్నానని చెప్తాను."

మంగళవారం నుంచి నడక.
వంశధార ఒడ్డున మావాళ్లు,
సంత వెనక ఒడియా సాహి,
ఆపైన కొండ.
కుంతళ గొంతు రికార్డు చేసుకుని
ఫోన్ కొంగున కట్టుకుని ఎక్కాను.
సిగ్నల్ లేని సవర గూడెంలో అది మోగింది.
సువర్ణ గొమాంగో విని, పొయ్యి దగ్గర
తన మాటల్లో మళ్లీ చెప్పింది.
నాకు తెలిసింది "కిలో" ఒక్కటే.
ఒకింట్లో తలుపు తీయలేదు.
ఒకింట్లో గంజి పోసి,
అప్పు తీరేదాకా రాలేమన్నారు.

మళ్లీ సోమవారం అరవై ఎనిమిది.
ఫోటో తీయబోతే మొహాలొద్దన్నారు.
సరే, చేతులు.
నల్లగా, తోలు లేచి, గీతలు చెరిగి.

సాయంత్రానికి పర్లాకిమిడి నుంచి
ఎవరివో రెండు చేతులు వచ్చాయి.
పేరు లేదు.
తవిటమ్మ ఫోన్ కళ్లకి ఆనించుకుని చూసింది:
"ఈ మనిషిది ఎడంచేతి వాటమే,
కుడి వేళ్లే ఎక్కువ కాలేయి.
ఎక్కడుంటాదో అడుగు.
ఎల్దాం."