రెప్పపాటు ముందు

హకొదాతేలో మంచు రెండో రోజు కూడా ఆగలేదు.
పట్టాలు ఎక్కడున్నాయో ట్రామ్‌కే తెలియాలి.
పనిముట్ల సంచి భుజాన వేసుకుని
ఫుమియే గారి మెట్లెక్కాను.
మా నాన్న పెట్టిన కొట్టు మాది,
ఈ వాడలో బల్బు మాడినా మాకే కబురు.

ఆకులు రాలే రోజుల్లో మా దగ్గరే కొన్న టీవీ,
పన్నెండేళ్ళ నాటి డిస్క్ ప్లేయర్.
నిన్నటి నుంచి తెర నిండా చీకటి.

తీగ ఊడదీసి చూశాను.
కొసన పంతొమ్మిది సన్నటి పళ్ళు,
ఒకదానికి పచ్చగా కిలుం.
తుడిచి, ఊది, మళ్ళీ గుచ్చాను.

ఇక వాటి మధ్య జరిగేది ఎవరికీ వినపడదు.
ప్లేయర్ ముందు ఊరూ పేరూ అడుగుతుంది,
ఎన్ని గీతలు పట్టగలవు, ఎన్ని రంగులు అంటుంది.
టీవీ దాచకుండా చెబుతుంది.
తర్వాత తాళంచెవుల బేరం.
నమ్మకం కుదిరేదాకా
ఒక్క బొమ్మా గడప దాటదు.
దాటాక మాత్రం
ఎరుపు, ఆకుపచ్చ, నీలం
మూడు జతల తీగల్లో
ఒకటీ సున్నా, ఒకటీ సున్నా అంటూ ఒకటే పరుగు.
శబ్దానికని ఎవరూ వేరే తీగ వేయలేదు.
బొమ్మలో ఒక గీత ముగిసి
ఇంకోటి మొదలయ్యే లోపు కాస్త ఖాళీ ఉంటుంది చూడండి,
అందులో ఇరుక్కుని వస్తుంది
నిండు బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డవాడిలా.

ఈ ఇంట్లో దానికి సొంత బాట ఉంది.
ప్లేయర్ వెనక నుంచి
తోకుజిరో గారి పాత ఆంప్లిఫయర్‌ దాకా
ఒక నల్లటి సన్న తీగ.
"అమ్మాయీ, ఇందులో ఏం పారుతుంది?"
ముప్పై ఏళ్ళు ట్రామ్ నడిపిన కళ్ళు,
నీటికాసులు తినేశాయి వాటిని.
"ఎర్రటి వెలుగండీ. మీరు వినేదంతా వెలుగే."
చెయ్యి చాపాడు.
తీగ కొసని అరచేతికి దగ్గరగా పట్టుకున్నాను.
ఆయుష్షు రేఖ పక్కన
దానిమ్మ గింజంత ఎరుపు.
నేను చూశాను.
"వెచ్చగా లేదే" అన్నాడాయన.

ఫుమియే గారి వినికిడి
చేపల డబ్బాల కార్ఖానాలో, యంత్రాల పక్కన పోయింది.
బొమ్మా, కింద అక్షరాలూ ఆవిడవి.
మాట ఆయనది.
ఒక డిస్కుని అలా పంచుకున్నారు.

వేదిక మీద దిండు, దిండు మీద మోకాళ్ళు ముడిచిన కథకుడు,
చేతిలో విసనకర్ర.
అప్పుడు కనిపెట్టాను లోపం:
మాట ముందొస్తోంది, పెదవి వెనక కదులుతోంది.
కొత్త టీవీలు అంతే,
ప్రతి బొమ్మకీ సింగారించి గానీ బయటికి పంపవు.
వెలుగు బాట పట్టిన మాట ఎవరి కోసమూ ఆగదు.
ఈ ఇంట్లో ఎవరికి తెలుస్తుంది ఆ సంగతి?
ఆయనకి పెదవి కనపడదు, ఆవిడకి మాట వినపడదు.
అయినా చెయ్యి ఊరుకోదు కదా.
ఆంప్లిఫయర్ మెనూలోకి వెళ్ళి
శబ్దాన్ని నూట అరవై మిల్లీసెకన్లు ఆపాను.
అతికినట్టు కుదిరింది.
నాకే ముచ్చటేసింది.

అడుగున కుంపటి ఉన్న పొట్టి బల్ల,
దాని మీది బొంత కింద ఇద్దరి మోకాళ్ళూ.
ఫుమియే గారు తెర వంక చూసింది, ఆయన వంక చూసింది.
పలక తీసి రాసింది:
"ఏదో పోయింది."

బొమ్మ బాగానే ఉంది కదా అని రాశాను.

"బొమ్మ కాదు.
ఈయన మోకాలు ముందు అదిరేది.
నవ్వు వస్తోందని నాకప్పుడే తెలిసేది.
కాచుక్కూచునేదాన్ని."

తుడిచి, మళ్ళీ రాసింది:
"ఇప్పుడు ఇద్దరం ఒకేసారి నవ్వుతున్నాం,
ఎవరో చెబితే నవ్వినట్టు."

నూట అరవైని సున్నా చేశాను.
బిల్లులో తీగ తుడిచినందుకు మాత్రం రాసుకున్నాను.

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటుంటే
లోపల ఒక నవ్వు,
రెప్పపాటు ఆగి
దాని వెనకే ఇంకోటి.

ట్రామ్ ఆ రోజు పదకొండు నిమిషాలు ఆలస్యం.
మంచులో నిలబడ్డవాళ్ళం
ఎవరమూ ఏమీ అనలేదు.