అద్దం ఇవతల గొంతు

కరకంబాడి రోడ్డులో నర్సింగ్ కాలేజీ, మూడో అంతస్తు.
మంచం మీద రబ్బరు మనిషి.
అద్దం ఇవతల నేను, ఒక మైకు, ఒక మౌసు.
జీతం పద్నాలుగు వేలు.
పని: నొప్పి పడటం.

సోమవారం డెంగీ.
మంగళవారం పురుగుమందు తాగిన కుర్రాణ్ణి.
బుధవారం కాన్పయ్యాక ఆగని రక్తం.
ఎర్రరంగు నేనే కలుపుతాను, గోరువెచ్చని నీళ్లలో,
చేతికి తగిలితే పిల్లలు ఉలిక్కిపడాలని.

గంగజాతరలో పదేళ్లు ఆడవేషం కట్టినవాణ్ణి.
అప్పుడు చీరా సవరమూ కాటుకా ఉంటే చాలు,
గొంతు ఎట్లున్నా అమ్మ ఓర్చుకునేది.
ఇక్కడంతా తలకిందులు.
ఒళ్లు బొమ్మది, ఊపిరి కంప్రెసరుది,
గొంతొక్కటే నాది.

పిల్లలు బొమ్మకి ఏడుకొండలని పేరు పెట్టుకున్నారు,
ఎన్నిసార్లు పోయినా
పొద్దున్నే మెట్లెక్కి వచ్చేస్తాడని.

మొదట్లో కాగితం మీద రాసిచ్చేవాళ్లు:
"నాకు ఛాతీలో నొప్పిగా ఉంది,
అది ఎడమచేతికి పాకుతోంది."
అట్లా ఎవరు చెప్తారు సామీ!
మా పుత్తూరు పక్క
గుండె నొప్పిని గుండె నొప్పి అన్నవాణ్ణి నేను చూళ్లేదు.
"ఏమో పాపా, గ్యాసనుకుంటా,
రాత్రి ఉర్లగడ్డ తిన్న్యా" అంటారు,
చొక్కా తడిసి ముద్దవుతుంటే.

ఒకరోజు మైకులో అదే అనేశాను.
అవతల నవ్వులు.
గ్యాసు మాత్ర కోసం ట్రేలో వెతికారు.
ఆరో నిమిషానికి తెర మీద గీత చదునైంది.
నవ్విన నోళ్లు అట్లే ఉండిపోయాయి.
ఎస్తేరు మేడం కాగితం చింపి బుట్టలో వేసింది.
"ఇంక నీ నోటికొచ్చినట్టే చెప్పు చెంగల్రాయుడూ."

నగరి నుంచి వళ్లి అనే పిల్ల వచ్చేది.
మరమగ్గాల ఇంట్లో పుట్టింది,
ఛాతీ నొక్కితే మగ్గం లెక్క తప్పేది కాదు.
ఆమె చేతికింద కూడా ఏడుకొండలు పోయాడు ఒకసారి.
పోవాలని నాకు రాసిచ్చారు, మౌసు లాగాను.
అందరూ టిఫినుకి వెళ్లాక
ఆమె ఒక్కతే నిలబడి
బొమ్మకి దుప్పటి సర్ది, "సారీ అన్నా" అంది.
మైకు ఆపడం మరిచిపోయాను.
నేను విడిచిన ఊపిరి
బొమ్మ నోట్లోంచి ఆమెకు వినిపించే ఉంటుంది.

పోయిన నెల,
బస్టాండు దగ్గర రెండో ఇడ్లీ తుంచుతుంటే
లోపల ఎవరో రోలు దించినట్టయింది.
ఆటోవాడు పెద్దాసుపత్రిలో దింపేసి పోయాడు.
గుండుకి గంధం ఆరని ముసలాయన ఒకరు,
కాలికి గుడ్డ చుట్టుకున్న మేస్త్రీ, ఏడ్చే బిడ్డ, నేను.

మాస్కు వేసుకున్న నర్సు వంగింది.
"ఏమైందన్నా?"

ఎన్ని వందలసార్లు చెప్పుంటాను!
గుండె, ఎడమచేయి, చెమట, అన్నీ తెలుసు నాకు.
నోరు మాత్రం తన మాటే చెప్పింది:
"ఏమో పాపా... గ్యాసనుకుంటా..."

ఆమె చెయ్యి ఆగింది.
చీకట్లో దారి వెతికేవాళ్లలా ఒక్కక్షణం కళ్లు మూసుకుంది.
"రాత్రి ఉర్లగడ్డ తిన్న్యావా?"
అప్పుడు చూశాను ఆ కళ్లు. వళ్లి.
"చెంగల్రాయుడన్నా, ఈసారి నిజమేనా?"

జవాబు కోసం ఆగలేదు.
"ఈ మాత్ర నములు, మింగొద్దు" అంటూనే
డాక్టరుకి కేక, ఒంటి మీద చల్లటి వైర్లు,
ఆమె పెదాల కింద ఏదో లెక్క.
నేను అలవాటుకొద్దీ కుడిపక్కకి తలతిప్పాను.
అద్దం ఉండాల్సిన చోట
సున్నం రాలిన గోడ, పాత క్యాలెండరు.
మౌసు పట్టుకున్నవాళ్లు ఎవరూ కనపళ్లేదు.

రెండు స్టెంట్లు వేశారు.
మళ్లీ అదే కుర్చీ, అదే జీతం.
ఆరో నిమిషం వస్తే లాగాల్సిందే, లాగుతున్నా.
అవతల కొత్త బ్యాచి పిల్ల ఎవరో
రబ్బరు ఛాతీ మీద చెయ్యేసి అడుగుతుంది,
"ఏమైందన్నా?"

ఈమధ్య
మైకు ముందు నోరు తెరవడానికి
కాస్త ఆలస్యమవుతోంది.