రాత్రి నల్లా

మా కార్వాన్‌ల నల్లా దినం తప్పి దినం వస్తది.
సర్వర్‌కు గా లెక్క కూడ లేదు.

పొద్దున పదింటికి షెట్టరు లేపంగనే
మెట్ల మీద చెప్పులు వరుసగ ఉంటయి.
చెప్పులే లైను. మనుషులు నీడకు కూసుంటరు.
తెర మీద చిన్న చక్రం తిరుగుతది,
నేను దాన్ని చూస్త, వాళ్లు నన్ను చూస్తరు.
"ఇంకెంతసేపు బిడ్డా?"
చక్రానికి ముల్లు లేదు, అంకెలు లేవు,
ఏమని చెప్పాలె.

పై మూల ఎర్రగ ఒక మాట
మిణుకుమిణుకుమంటది: "కొత్తది".
నొక్కితే ఎనిమిదేండ్ల కిందటి సర్క్యులరు.
నేను ఈ కుర్చీల కూసున్నప్పటి సంది
అది కొత్తగనే ఉన్నది.
నాకే తెల్లెంట్రుకలొచ్చినయి.

సాబేరా బేగం ఈ నెల మూడోసారి వచ్చింది,
లక్క గాజులకు అద్దాలు అతికే ఆమె.
వార్డు పేరు ఎంచుకోమంటది డబ్బా.
జాబితల ఆమె గల్లీ లేదు.
వార్డులు చీల్చినోళ్లు జాబితను మరిచిన్రు.
"నేనైతే ఆడనే ఉన్న," అన్నది,
"పొద్దున ఆడనే చాయ తాగి వచ్చిన."
పక్క వార్డుల పెట్టిన ఆమెను.
ఒక్క నొక్కుతోని ఇల్లు మార్చిన,
అడ్వాన్సు లేదు, ఆటో కిరాయి లేదు.

ఈదయ్య తాత తనే కొడతనంటడు.
సుల్తాన్ బజార్ ప్రెస్సుల కంపోజిటరు,
ముప్పై ఏండ్లు సీసం అక్షరాలు ఏరిన వేలు.
ఒక్కొక్కటి వెతికి, నొక్కి, నన్ను చూసి నవ్వుతడు.
తండ్రి పేరు సగానికి రాంగనే
"సెషన్ ముగిసింది. మళ్లీ మొదలుపెట్టండి."
కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.
"సీసమే నయం బిడ్డా.
పేర్చి పోయి అన్నం తినొచ్చినా
గట్లనే నిలబడి ఉండేటియి."

పేజీ అడుగున, చీమలంత అక్షరాలల్ల
ఒక ఫోను నంబరున్నది. సాంకేతిక సహాయం అట.
ఎవలెత్తుతరు లే అని ఎన్నడూ చెయ్యలె.
మొన్న రాత్రి, పదిన్నరకు, కోపానికి చేసిన.
ఎత్తిండు.
వెనక కుక్కరు కూత.

"నా కాంట్రాక్టు అయిపోయి నాలుగేండ్లాయె అక్కా.
నంబరు తీసెయ్యమని చెప్పిపోయిన.
కానీ తీసేసే మనిషి నేనే ఉంటి."

పేరు విఠల్. ఇప్పుడు మౌలాలిల
బ్యాటరీల గోదాముల లెక్కలు రాస్తడట.
"ఆగిపోయిందా? డిస్కు నిండి ఉంటది.
మోరీ లెక్క, తీస్తుండాలె, లేకుంటే పేరుకుంటది.
పాత పాస్‌వర్డు ఎవలూ మార్చలె,
మార్చాల్నని యాదికున్నోళ్లు లేరు.
పది నిమిషాలాగు, పిల్లకు బువ్వ పెట్టొస్త."

పది గాదు, నలభై నిమిషాలు.
ఆ పిల్ల తిండికి సతాయిస్తదేమో.
చక్రం ఆగింది.
పేజీ తెరుచుకున్నది, ఎవలో లోపలి నుంచి
గొళ్లెం తీసినట్టు.

నేను గల్లీలకురికి ఒర్రిన:
"వచ్చింది!"
అలవాటు కొద్ది ఇద్దరు బిందెలు పట్టుకొని వచ్చిన్రు.
తర్వాత కార్డులు, పాలకవర్లల చుట్టిన కాయితాలు,
నైటీ మీద చున్నీలు, పిండి చేతులు,
కొడుకు స్కూటరు మీద సాబేరా బేగం.
ఈదయ్య తాత ఈసారి
అక్షరాల జాగలు కాయితం మీద గీసుకొచ్చిండు,
కండ్లు మూసుకున్నా కొట్టేటట్టు.
రెండింటి దాక ముప్పై ఒక్క అర్జీలు పట్టినం.
నింపి, మూత పెట్టి, పక్కకు జరిపినట్టు.

తెల్లారి పేపర్ల వచ్చింది,
కొత్త సైటు వస్తదట. రంగులు మారుతయట.
పూలదండ కట్టిన బటన్ ఒకలు నొక్కుతరట.
తర్వాత మోరీ ఎవలు తీస్తరో
ఆ వార్తల లేదు.

విఠల్‌ను అడిగిన, పైసలేమన్న ఇస్తరా అని.
నవ్విండు. "వాన పడితే
ఖాళీ చేసిన కిరాయింటి మోరీ కూడ
చూడబుద్దయితది కదా అక్కా."

గోడ మీద,
నల్లా తిప్పే యాదవ్వ మొగని నంబరు కింద,
లైన్‌మన్ నంబరు పక్కన,
బొగ్గుతోని ఆయన నంబరు రాసుకున్న.
దసరాకు సున్నమేసే పోరనికి చెప్పిన,
గా జానెడు జాగ ఇడిసిపెట్టమని.