ఏ మాట కొట్టను

బ్రాడీపేట నాలుగో లైన్లో నా టైపింగ్ షాపు.
నాగుల్ మీరా మూతికి తువ్వాలు చుట్టుకొచ్చి
జిరాక్సు బోర్డు దగ్గరే ఆగిపోయాడు.
"హాస్టల్ వార్డెన్ మేడమ్‌కి లెటరమ్మా, ఇంగ్లీషులో."

మిర్చి యార్డులో పద్దెనిమిదేళ్ళు టిక్కీలు మోశాడు.
అక్కడ దగ్గు ఎవరిదీ కాదు, అందరిదీ.
ఘాటుకి గుమాస్తా దగ్గుతాడు, షావుకారు దగ్గుతాడు,
కాటా మీద వాలిన కాకి కూడా.
ఆ గోలలోంచి తన దగ్గొకటి విడిపోయిందని
కళ్ళె పరీక్ష చీటీ వచ్చేదాకా అతనికే తెలీదు.

"ఆదివారం పాపను చూడ్డానికి రానని రాయి.
అంటిస్తానేమోనని భయం, అని రాయి."

ఐ యామ్ అఫ్రెయిడ్, కొట్టాను. ఆగాను.
మొన్న బ్యాంకువాళ్ళు నాకు లోను లేదని చెప్పిందీ
ఈ మాటతోనే. వాళ్ళేం వణకలేదు.
చెరిపి ఐ ఫియర్ అన్నాను.
లుంగీ మీద కోటు తొడిగినట్టుంది.
మళ్ళీ మొదటిదే పెట్టాను.

తర్వాతి మాట ఇంకా కష్టం.
ఇన్‌ఫెక్ట్ అంటే తన మీద తనే కేసు పెట్టుకున్నట్టు.
స్ప్రెడ్ అంటే పుకారు.
పాస్ ఆన్, పొలమో పుట్రో ఉన్నవాళ్ళు చేసే పని.
గివ్ అని కొట్టి పైకి చదివాను.

"గివ్ అంటే ఇవ్వడమే కదమ్మా?"
"ఇవ్వడమే."
"అది తీసెయ్. నేనిస్తానన్నది జామెట్రీ బాక్సు.
మా ముఠా మేస్త్రి చేత పంపిస్తన్నా, అదీ రాయి.
ఇవ్వడం అక్కడ పెట్టు."

పెట్టాను.
ఖాళీ అయిన చోటుకి మాట దొరక్క
తెలుగులోకి వెళ్ళి వెతుక్కున్నాను.
దీపం అంటిస్తాం. పండక్కి తల అంటుతాం.
నూజివీడులో మామిడికి అంటు కడతారు.
ఎంత మంచి మాట అనుకుంటుండగానే
అదే ఇంట పుట్టిన ఇంకో మాట కళ్ళబడింది,
గుమ్మానికి అవతల నిలబడి.

చివరికి షీ మే క్యాచ్ ఇట్ అని కొట్టాను.
పాప రెండు చేతులూ చాపి నిలబడ్డట్టు.

లోపలికి రమ్మనలేదు నేను.
రెండు వారాలు మందు పడితే పర్లేదన్నాడమ్మా డాక్టరు,
మూడో వారం ఇది, అని అతను చెప్పాక కూడా.

కాగితం అంచు పట్టుకుని అందించాను.
అతను నా చేతికి డబ్బివ్వలేదు.
మెట్టు మీద ఇరవై నోటు, పైన చిన్న కంకర రాయి.
"వస్తానమ్మా."

షట్టరు దించే వేళకీ అది అక్కడే ఉంది.
అఫ్రెయిడ్ అన్న మాట ఆ పూటంతా
ఒక్కసారే వాడాను,
అతని పేరు మీద.