లోడు

కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టిన రాత్రి
ఆట తెరుచుకోగానే టప్పున ఆరిపోయింది సిస్టం.
మూడుసార్లు.

రొయ్యల గుంట కాడి నుంచి వచ్చిన పిన్ని
బురదకాళ్లతో గడపలోనే ఆగి
"ఎంత తాగుద్దబ్బయా అది?" అంది.
నాలుగు ఏరేటర్లు ఒక్కసారే వేస్తే
విడవలూరు లైను ఎట్టా మూలుగుద్దో తెలిసిన మనిషి.

ఆరువందల యాభై వాట్ల డబ్బా
నెల్లూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకొచ్చాను.
పాతదాన్ని విప్పితే
ఉప్పుగాలి తుప్పు, ఓ బల్లిగుడ్డు పెంకు.
డిగ్రీ మూడేళ్లూ మోసింది, పాపం.
మరలు పిన్ని అరచేతిలో పోశాను.

మీట నొక్కాం.
పిన్ని తెర చూళ్లేదు.
పైన బల్బు వంక చూసింది.
రెప్ప కొట్టలేదది.

"ఆడుకో.
పన్నెండుకి మాత్రం ఆపెయ్,
ఏరేటర్లు వెయ్యాల."