పద్నాలుగు పాయింట్ తొమ్మిది

చీమకుర్తిలో మా స్టోరు ఒక రేకుల షెడ్డు.
బల్ల మీద కంసాలి త్రాసు,
ఒంగోల్లో పాతదే బేరమాడి తెచ్చాను.
పక్కన గ్లాసుతో నీళ్ళు, తాగడానికి కాదు.

డ్రిల్లు బిట్టుకు దిగ్గొట్టే టంగ్‌స్టన్ బొత్తాం
చిటికెనవేలి గోరంత.
అరచేతిలో వేసుకుంటే
ఇంతదానికి ఇంత బరువేందనిపిస్తుంది.
దారం కట్టి నీళ్ళలోకి దించుతాను.
గాలిలో ఒక బరువు, నీటిలో ఒక బరువు,
తీసివేత, భాగారం.
పద్నాలుగు పాయింట్ తొమ్మిది రావాలి.
పుస్తకంలో అట్లా ఉంది.

పోయిన వేసవిలో దిగిన పెట్టెకు
సర్టిఫికెట్టుంది, సీలుంది, ఎవరిదో సంతకముంది.
కింద నాదీ పెట్టాను.
తూచలేదు. లారీవాడు హారన్ కొడుతున్నాడు.

మూడో బెంచీలో
చుక్కల నల్లరాయి దాని పళ్ళు రాలగొట్టింది.
ఒక ముక్క ఎగిరి
మాలకొండయ్య కుడికంట్లో దిగింది.

మిగిలినవి ఆ రాత్రి తూచాను.
పదమూడు పాయింట్ ఆరు.

ఇప్పుడతను గేటు దగ్గర
తల కాస్త పక్కకు తిప్పి లారీ నంబర్లు రాసుకుంటాడు.
నిన్న టీకి వచ్చి గ్లాసు వంక చూశాడు.
"ఏందబ్బయ్యా, రోజూ తానాలు పోయిస్తన్నావు,
వీటికేవన్నా దిష్టి తగిలిందా?"
తనే నవ్వాడు.

ప్రమాణం అంటే
ఆఫీసులో ఒక అర్థం, గుళ్ళో ఒక అర్థం
అనుకునేవాణ్ణి.

తడిచేత్తో రిజిస్టరులో రాస్తున్నాను:
రెండొందల పన్నెండోది, పద్నాలుగు పాయింట్ తొమ్మిది.
సిరా కొంచెం అలుక్కుంది.
దారం విప్పి
ఇంకోదానికి కట్టాను.