ఎనిమిది పట్టీలు

మా క్యాంపు మరుగుదొడ్డి తలుపు లోపలి దిక్కు
ఒక కాగితం అంటించిండ్రు.
ఎనిమిది పసుపు పట్టీలు.
పైది గంజి మీది తేట,
కిందికి పోను పోను చిక్కన,
ఆఖరుది మాడిన బెల్లం పాకం.
నీది ఏదని అయిదు భాషల్ల అడుగుతది.
తెలుగుల మటుకు
'మీ మూత్రము యొక్క వర్ణము' అని రాసిండ్రు.
సోహార్‌ల జూన్ నెల,
'యొక్క' ఎవనికి గావాలె?

మొదటి వారం నవ్వుకున్నరు.
రెండో వారం మొఫిజుల్
ఆరో పట్టీ పక్కన 'ఫోర్‌మన్ చాయ్' అని పెన్నుతోని రాసిండు.
మూడో వారానికి
గొళ్లెం ఎట్లనో ఆ కాగితమూ అట్లనే.

నా పని కూలర్లు నింపుడు, మందుల పెట్టె మోసుడు,
క్లినిక్‌ల సబిత్రా సిస్టర్ మాట పైకి చేరేసుడు.
ఆమె నేపాలీ హిందీల చెప్పింది:
దాహం ఆలస్యంగ వచ్చే చుట్టం,
అది తలుపు కొట్టేటాలకు
లోపల నీళ్లు అప్పటికే తగ్గి ఉంటయి.

గోడ నీడల గోరింక నోరు తెరుసుకొని నిలవడ్డది.
దానికి చెమట లేదు,
ఊపిరే దాని చెమట.
కంటైనర్ కింది పిల్లి ఒళ్లంత నాక్కుంటది,
ఆ తడి ఆరినంత సేపు దానికి సల్లదనం.
కంచె అవతల ఒంటె.
మూపురంల నీళ్లుంటయని మా లెక్కల సారు చెప్పిండు,
ఉండయట, అంత కొవ్వేనట.
పగటి వేడిని ఒంట్లనే దాసుకొని
రాత్రి గాలికి మొత్తం తీర్చేస్తదట.
ఒక్క రాత్రిల తీరే అప్పు!
మా బ్యారక్‌ల ఈ మాట చెప్తే
శానా సేపు ఎవరూ మాట్లాడలే.

మనిషి లెక్క చెమటోడ్చే జీవి తక్కువనట.
మరి నీళ్లెందుకు తాగరు?
ఆరో అంతస్తు పైపుల మీదికెళ్లి లింబాద్రి చెప్పిండు:
"తాగితే దిగాలె.
దిగి ఎక్కితే పదకొండు నిమిషాలు.
ఆ పదకొండు ఎవని పుస్తకంల పడుతయో నీకెర్క లేదా?"

అయితే నేనూ ఒక పుస్తకం పెట్టిన.
"పానీ, పానీ" అని మొత్తుకున్ననాడు
నలభై మందిల ఏడుగురు తాగిండ్రు.
ఏం మాట్లాడక వాళ్ల ఎదురుంగ కూసొని
సీస ఎత్తి, మూతి తుడుసుకున్ననాడు
పందొమ్మిది మంది.
ఆవులింత అంటుకున్నట్టే.
లింబాద్రి సుత తాగిండు.
ఎందుకు తాగినవే అంటే
"నాకే దాహమైంది" అన్నడు, కొంచెం కోపంగ.

సిస్టర్ నా లెక్క చూసి నవ్వింది,
రెండు దినాల లెక్క లెక్క గాదన్నది.
నవ్వుకుంటనే కంపెనీకి కాగితం పెట్టింది,
నాలుగో అంతస్తుల ఒక దొడ్డి గావాలెనని.
ఇరవై మూడు దినాలకు
క్రేన్ కొక్కానికి వేలాడుకుంట
నీలిరంగు ప్లాస్టిక్ గది గాలిల ఊగుకుంట పైకి వచ్చింది.
గుల్ జమాన్ ఈల ఏసిండు.
పనాపి అందరం సప్పట్లు కొట్టినం,
పెండ్లి పల్లకి దించినట్టు దించుకున్నం.

పాత తలుపు కాగితం చింపకుండ పీకి
కొత్త తలుపుకు అంటించింది నేనే.
గొళ్లెం పెట్టుకొని, మొదటిసారి,
నాది చూసుకున్న.
అయిదో పట్టీ.
ఆరు అన్నా తప్పు గాదు.

ఇన్ని దినాలు వాళ్ల ముందర నేనెత్తింది
సగం దినాలు మూత తియ్యని సీసనే.
నీళ్లు మోసేటోడు మాటిమాటికి దిగితే
వానికీ రాసే పుస్తకం ఒకటుంటది.

గొళ్లెం తీసి బయటికొచ్చిన.
గది మీద గోరింక, నోరు తెరుసుకొనే ఉన్నది.
మూత తిప్పి
ఎవరికీ కనవడకుండ మళ్లుకొని తాగిన.
నీళ్లు ఎచ్చగున్నయి,
ప్లాస్టిక్ వాసన.